ఒక ముక్క తక్కువ ఇంజన్

రామకోటేశ్వరరావు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు కంటబడినా అందులోంచి ఒక ముక్క పీకేస్తే గానీ ఆయనకి అన్నం సయించదు. బీపీ లేదు. షుగర్ లేదు. ముప్పై నాలుగేళ్ళు పంచదార ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన నిలబడి రిటైరైన మనిషికి షుగర్ లేకపోవడమేమిటని పటమట పటమటంతా ఆశ్చర్యపోతుంది. ఉన్నదల్లా ఈ పీకుడు జబ్బే. వస్తువుని చేతిలోకి తీసుకుంటారు, అటు తిప్పుతారు, ఇటు తిప్పుతారు, వేలితో ఒక చోట తట్టి, "ఇది లేకపోతే ఏమవుద్ది?" అంటారు. ఆ మాట పడ్డాక ఆ వస్తువు మళ్ళీ నిండుగా బతికి బట్టకట్టడం ఎవరూ చూడలేదు.

హాల్లో ఫ్యాన్‌కి రెగ్యులేటర్ ఉండేది. అది పోయింది. "బెజవాడలో ఫ్యాను తిరిగితే అయిదులో తిరగాలి, లేకపోతే ఆగాలి. మధ్యలో ఆ నాలుగు నంబర్లూ ఎవరి కోసం పెట్టారంటా?" అన్నారు. ఆ రోజు నించీ ఆ ఇంట్లో పేపరు చదవాలంటే నలుగురు నాలుగు మూలలు పట్టుకోవాలి.

మిక్సీ మూతకి లోపల ఒక రబ్బరు చక్రం ఉంటుంది చూడండి, అదీ పోయింది. మర్నాడు ఆయన భార్య రావమ్మ గారు కొబ్బరి పచ్చడి వేసి బటన్ నొక్కితే పచ్చడి కాస్తా సీలింగ్‌కి అంటుకుంది. రావు గారు తలెత్తి తీరిగ్గా చూసి, "అయితే రబ్బరు కావాలన్నమాట" అని డైరీలో రాసుకున్నారు.

"ఆ ముక్క మిక్సీ చేసినవాడిని అడిగినా చెప్పేవాడు కదండీ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"వాడు చెబితే అది వాడికి తెలిసినట్టు. ఇప్పుడు మనకి తెలిసింది."

కూతురు శ్రీదుర్గ పెళ్ళికి శుభలేఖ రాయించే పని ఆయనకి అప్పగించడం రావమ్మ గారు జీవితంలో చేసిన పెద్ద పొరపాటు. ప్రెస్సువాడు ఇచ్చిన నమూనాలో ఒక్కో వాక్యం మీదా వేలు పెట్టి కొట్టేసుకుంటూ పోగా చివరికి మిగిలింది "శ్రీదుర్గ పెళ్ళి. ఆదివారం. రండి." అంతే. మండపం పేరు కూడా లేదు. "మనవాళ్ళందరికీ తెలుసుగా!" అన్నారు. మనవాళ్ళకి తెలుసు. వియ్యాలవారి వైపు వాళ్ళు యాభై మంది పక్క మండపంలోకి వెళ్ళి, ఎవరిదో ఓణీల ఫంక్షన్‌లో సుష్టుగా భోంచేసి, చదివింపులు చదివించి, పిల్ల మరీ చిన్నదిగా ఉందే అనుకుంటూ ఊరికి వెళ్ళిపోయారు. అల్లుడు లక్ష్మీకాంత్ తెలివైనవాడు. అత్తారింటికి వచ్చినప్పుడల్లా బండి రెండు వీధుల అవతల పెట్టి నడిచి వస్తాడు.

ఒకసారి రావమ్మ గారికి ఒళ్ళు మండి అడిగేసింది. "నలభై ఏళ్ళయింది కాపురం. నన్ను కూడా ఎప్పుడో ఒకప్పుడు, ఇది లేకపోతే ఏమవుద్దని అనుకునే ఉంటారు!"

"అనుకున్నా," అన్నారాయన దాపరికం లేకుండా. "నువ్వు బందరు మీ అక్క గారింటికి వెళ్ళిన వారం చూశాగా. నడవలా."

ఇదీ మనిషి. ఇలాంటి మనిషి ఆవిరి ఇంజన్ బొమ్మ గీసుకుని ఆటోనగర్‌లో స్టీఫెన్ లేత్ షాపు మెట్లెక్కాడంటే, ఇక ఆ స్టీఫెన్ ఏం పాపం చేసుకున్నాడో చెప్పాలి.

స్టీఫెన్‌కి అరవై ఒకటి. పదిహేడో ఏట లేత్ ముందు నిలబడ్డాడు, మళ్ళీ పక్కకి జరగలేదు. వెంట్రుక మందం తేడా వస్తే ముక్క అవతల పారేసి కొత్తది మొదలెట్టే రకం. హనుమాన్ జంక్షన్ నించి లారీల వాళ్ళు కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అలాంటి స్టీఫెన్‌కి పోయిన ఏడాది కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "ప్రాణానికేం భయం లేదు, కానీ ఇది పోదు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఈ సంగతి భార్య స్టెల్లాకి తప్ప నరమానవుడికి తెలియదు. తెలియకూడదని స్టీఫెన్ పట్టుదల. సన్నటి పని ఎవరు తెచ్చినా "ఖాళీ లేదండీ" అనేవాడు. ట్రాక్టరు పిన్నులూ, గేటు బుష్షులూ, వణికినా వంకర కనబడని మోటు పనులు మాత్రం పట్టుకునేవాడు. పనిలేక ఈగలు తోలుకుంటున్న మనిషిని చూసి, స్టీఫెన్‌కి చేతినిండా పనయ్యా, మనిషి దొరకడు అని ఆటోనగర్ చెప్పుకునేది.

స్టెల్లా అన్నయ్య శౌరయ్యకి గుణదల మేరీమాత కొండ కింద కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ అమ్మే కొట్టుంది. "బావా, ఎన్నాళ్ళా ఇనుముతో కుస్తీ? లేత్ అమ్మేసి వచ్చి నా కౌంటర్లో కూర్చో. హాయిగా ఫ్యాను కింద" అని వారం వారం పోరేవాడు. లేత్‌కి బేరం కూడా తెచ్చిపెట్టాడు. స్టీఫెన్ మనసులో ఒక ఒట్టు పెట్టుకున్నాడు. ఇంకొక్క సన్నటి పని. అది చేతిలో నిలిస్తే సరే. చెడితే షట్టర్ దించేసి కొవ్వొత్తుల ముందు కూర్చోవడమే. నలభై నాలుగేళ్ళ లేత్ ఆ ఒక్క పని మీద ఆగి ఉంది.

సరిగ్గా అప్పుడే వచ్చారు రామకోటేశ్వరరావు గారు, చంకలో చుట్టచుట్టిన కాయితంతో.

సంగతేమిటంటే, వాళ్ళ అపార్ట్‌మెంట్లో పై ఫ్లోర్లో త్రిపురసుందరి గారని ఫిజిక్సు టీచరుంది. రోజూ బస్సెక్కి ఉయ్యూరు అవతల ఒక హైస్కూలుకి వెళ్ళొస్తుంది. ఒకరోజు మెట్ల మీద రావు గారితో, "ఆవిరి ఇంజన్ గురించి నాలుగు మార్కుల జవాబు మా పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు బాబాయ్ గారూ. ఒక్కడూ ఇంజన్ మొహం చూసినవాడు లేడు" అంది. రావు గారికి పౌరుషం వచ్చింది. "సైన్స్ డే ఎప్పుడు? ఫిబ్రవరి ఇరవై ఎనిమిదా? ఆ రోజుకి నీ టేబుల్ మీద తిరుగుద్ది. పిల్లలు చూట్టమే కాదు, విప్పి, మళ్ళీ వాళ్ళే చేసుకునేట్టు ఉంటది" అని మాటిచ్చేశారు.

కాయితం బల్ల మీద పరిచారు. ముప్పై ఒక్క ముక్కలు. ఒక్కోటీ పక్కపక్కనే, ముద్దొచ్చేలా గీశారు. స్టీఫెన్ "ఖాళీ లేదండీ" అందామని నోరు తెరిచాడు. ఆ బొమ్మ చూశాక నోరు మాట వినలేదు. "చేస్తానండీ" అనేసింది.

"టీ తెప్పించవా?" అన్నారు రావు గారు కుర్చీ లాక్కుని.

స్టీఫెన్ టీ అందించాడు. రావు గారు తాగారు, గురువారం గురువారం వచ్చి చూస్తానన్నారు, వెళ్ళిపోయారు.

మొదటి వారం పిస్టన్ రింగులు. పోత ఇనుముతో గాజుల్లా సన్నగా కోసుకోవాలి. మొదటిది కోస్తుంటేనే విరిగింది. రెండోది తీస్తుంటే విరిగింది. మూడోది చక్కగా వచ్చి, బల్ల మీద పెడుతుంటే చెయ్యి వణికి కిందపడి విరిగింది. స్టీఫెన్ మూడూ ఏరి, స్క్రాప్ డబ్బాలో ఇనప తురుము అడుగున దాచేశాడు. బుధవారమంతా "రావు గారూ, ఒక మాట చెప్పాలండీ" అన్న వాక్యం ప్రాక్టీసు చేసుకున్నాడు.

గురువారం పొద్దున్నే ఆయన దిగారు.

"రావు గారూ, ఒక మాట..."

"నీ మాట తర్వాత. ముందు నా మాట విను. రింగులు చేసేశావా?"

"అదేనండీ..."

"చెయ్యకపోతే బతికిపోయావ్. పొద్దున వాకింగ్‌లో అనుకున్నా. అసలు ఆ రింగులు లేకపోతే ఏమవుద్ది? పిస్టన్ చుట్టూ ఒక గాడి పెట్టు. అందులో నూలు దారం నూనెలో తడిపి చుట్టు. ఆవిరి ఆగుద్ది. కాస్త వదులైనా దారం సర్దుకుంటది. రింగులు కొట్టెయ్!" అని పెన్సిల్‌తో బొమ్మ మీద అడ్డంగా గీత గీశారు.

స్టీఫెన్‌కి కళ్ళు తిరిగాయి. ఇది మనుషుల పని కాదు. గుణదల మాత కరుణించింది! ఆదివారం స్టెల్లాని వెంటబెట్టుకుని కొండకి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించాడు. స్టెల్లా రెండు వెలిగించింది. "రెండెందుకే?" అంటే, "ఉండనివ్వండి" అంది.

తర్వాత స్లైడ్ వాల్వ్, అంటే ఆవిరిని ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ మళ్ళించే బిళ్ళ. అది అద్దంలా చదునుగా ఉంటేనే ఆవిరి తప్పించుకోదు. స్టీఫెన్ ఆకురాయి పట్టి మూడు రోజులు అరగదీశాడు. చెయ్యి ఊగిన చోటల్లా అంచులు గుండ్రబడి, చివరికది వాల్వులా కాక సబ్బుబిళ్ళలా తయారైంది. అదీ డబ్బా అడుక్కి పోయింది.

గురువారం రావు గారు గుమ్మంలోంచే మొదలెట్టారు. "స్టీఫెనూ, ఈ వాల్వ్ లేకపోతే ఏమవుద్దయ్యా? సిలిండర్‌నే ఒక పిన్ను మీద నిలబెట్టి ఉయ్యాల్లా అటూ ఇటూ ఊగనిద్దాం. ఇటు ఊగినప్పుడు ఆవిరి వచ్చే కన్నం ఎదురుగా వస్తది. అటు ఊగితే పోయే కన్నం. ఇంక వాల్వూ అక్కర్లేదు, దాన్ని తోసే రాడ్డూ అక్కర్లేదు, ఆ రాడ్డుని కదిపే చక్రమూ అక్కర్లేదు. ఏడు ముక్కలు! ఒక్క దెబ్బకి ఏడు!" ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

ఆ ఆదివారం స్టీఫెన్ ఏడు కొబ్బరికాయలు కొట్టాడు.

"ఏం మొక్కు బావా ఇది? మొదట ఒకటి, ఇప్పుడు ఏడు?" అన్నాడు శౌరయ్య కాయలు ఏరి ఇస్తూ. కౌంటర్లో కూర్చోబెడదామనుకున్న మనిషి వారం వారం కౌంటర్ ముందు నిలబడటం అతనికి అర్థం కాలేదు గానీ, వ్యాపారం బావుంది కాబట్టి గట్టిగా అడగలేదు.

అక్కణ్ణించి ఇక ఊపే ఊపు. స్టీఫెన్ ఏది చెడగొడితే రావు గారికి ఆ ముక్క మీదే విరక్తి పుట్టేది. పోత చక్రానికి మధ్యలో కన్నం పక్కకి పోయింది. గురువారం ఆయన చంకలో కుట్టు మిషన్ చక్రంతో వచ్చారు. "కొత్తది చెయ్యక్కర్లేదు, ఇది బిగించు."

"ఇది ఎవరిదండీ?"

"మా ఆవిడ మిషన్‌ది."

"మరి ఆ మిషనండీ?"

"చక్రం లేకపోతే ఏమవుద్దో చూస్తన్నా."

ముప్పై ఒకటి ఇరవై మూడయింది, పదహారయింది, పన్నెండయింది. గుణదల కొండ మీద స్టీఫెన్ కొబ్బరికాయల లెక్క ఇంజన్ ముక్కల లెక్కతో సమానంగా నడిచింది. దేవుడు ఒక మనిషి మీద ఇంత శ్రద్ధ పెట్టడం స్టీఫెన్ ఎరగడు. వారానికోసారి, అదీ గురువారం, తొమ్మిదింటికల్లా.

బాయిలర్ దగ్గర మాత్రం రావు గారు వేరే మనిషి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పట్టుకొచ్చేశారు. దాని విజిల్ దానికుంచి, మూతకి ఇంకో సేఫ్టీ వాల్వ్ కూడా బిగించమన్నారు. అప్పటికి ఆయన పద్ధతి వంటబట్టిన స్టీఫెన్ కాస్త చనువు తీసుకుని, "ఒకటుందిగా సార్. ఈ రెండోది లేకపోతే ఏమవుద్దండీ?" అన్నాడు.

రావు గారి మొహం ఎర్రబడింది. "ఇంకోసారి అన్నావంటే నీతో మాటల్లేవ్. ముప్పై నాలుగేళ్ళు ఆ ముక్క మీద చెయ్యి వెయ్యలేదు కాబట్టే ఇవాళ నీ ముందు కూర్చుని టీ తాగుతున్నా. ఆవిరితో వేళాకోళమా? రెండు కాదు, చోటుంటే మూడు పెడతా!" అన్నారు. ఇంత చిన్న ఇంజన్‌కి ఒక ముక్క ఎక్కువ పెట్టమని ఆయన నోట రావడం చూసి స్టీఫెన్ నోరు మూసుకుని బిగించాడు. పటమటలో రావమ్మ గారు మూడు వారాలుగా గిన్నెలో పప్పు ఉడకేస్తూ, ఉడకని పప్పుతో పాటు మొగుణ్ణి కూడా తిట్టుకుంటోంది.

ఫిబ్రవరి వచ్చింది. గుణదల తిరునాళ్ళు అయిపోయాయి. స్టీఫెన్ ఆ రద్దీలో మోకాళ్ళ మీద కొండెక్కాడు. ఎక్కకేం చేస్తాడు? ఇంజన్ తొమ్మిది ముక్కలకి దిగింది, ఎనిమిది అయిపోయాయి. మిగిలింది ఒక ఇత్తడి పలక. దానిలో రెండు చిన్న కన్నాలు. ఆవిరి ఒకదాన్లోంచి సిలిండర్‌లోకి రావాలి, ఇంకోదాన్లోంచి బయటికి పోవాలి. సిలిండర్ ఊగి ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ పడాలవి. నూలు దారంతో సర్దుకునే పని కాదు.

మొదటి పలక మీద డ్రిల్లు జారింది. రెండోదాని మీద కన్నం పక్కకి పడింది. మూడు, నాలుగు, అయిదు. అయిదూ డబ్బా అడుక్కి చేరాయి. స్టీఫెన్ దిగులుపడలేదు. గురువారం వస్తుందిగా. పలక సంగతి మాత చూసుకుంటుంది.

గురువారం వచ్చింది. రావు గారూ వచ్చారు. బొమ్మ మీద ఆ చివర నించి ఈ చివరకి చూసి, కాయితం మడిచేశారు.

"అయిపోయిందయ్యా. తొమ్మిది. ఇంక ఇందులో తీసెయ్యడానికేం లేదు. ఒక్కటి తీసినా ఇది ఇంజన్ కాదు, కాయితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువు."

స్టీఫెన్ మడిచిన కాయితం మళ్ళీ విప్పాడు. "ఏదీ లేదండీ?"

"ఏదీ లేదు."

"ఈ కన్నాలు... ఇవి లేకపోతే ఏమవుద్దండీ?"

"కన్నాలు లేకపోతే ఆవిరి లోపలికెటు పోద్ది? దణ్ణం పెడితే పోద్దా?"

స్టీఫెన్ వంగి, స్క్రాప్ డబ్బా రెండు చేతులా ఎత్తి, బల్ల మీద బోర్లించాడు. తురుముతో పాటు విరిగిన రింగులు, సబ్బుబిళ్ళ వాల్వు, వంకర రాడ్లు, అయిదు ఇత్తడి పలకలు, మూడు నెలల పాపమంతా గలగలమంటూ బయటపడింది.

"నా చెయ్యి వణుకుద్దండీ," అన్నాడు. "ఏడాది దాటింది. మీకు మొదట్లోనే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. ఇవన్నీ నేను చెడగొట్టినవే. మీరేదో ఆ ముక్కలు వద్దనబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చా. ఇది ఇంకెవరికైనా ఇచ్చేయండి. నేను షట్టర్ దించేస్తా."

రావు గారు ఆ కుప్పలోంచి సబ్బుబిళ్ళ వాల్వ్‌ని తీసి వెలుగుకి పెట్టి చూశారు.

"ఇది మరీ అంత ఘోరంగా ఏం లేదే. మీ స్టెల్లమ్మ ఫోన్లో చెబితే ఇంకా ఎట్లా ఉందో అనుకున్నా."

స్టీఫెన్ తలెత్తాడు. "స్టెల్లానా?"

వెనక గదిలోంచి స్టెల్లా చీపురుతో సహా వచ్చి నిలబడింది. "ఊడ్చేదాన్ని నేను కాదుటండీ? డబ్బా అడుగున ఏం దాస్తున్నారో నాకు తెలీదా? ప్రతి బుధవారం ఈ రావు గారికి ఫోన్ చేసేదాన్ని, ఈ వారం ఇది పోయిందండీ అని."

"మరి నాతో పాటు కొండకి వచ్చావ్! ఏడు కాయలు కొడుతుంటే పక్కనే నిలబడ్డావ్!"

"కొడితే ఏం? ఈయన్ని మన దగ్గరికి పంపింది ఆ మాత కాదూ? నా రెండో కొవ్వొత్తి ఆయన పేరు మీదే."

స్టీఫెన్‌కి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియక, రెండూ కలిసి వచ్చాయి. "సార్, మీకు తెలుసన్నమాట! ఎప్పట్నించి?"

"మొదటి రోజు టీ ఇచ్చావుగా. గ్లాసులో ఉన్నది సగం, నా చొక్కా మీద సగం."

"తెలిసి కూడా ఇంకో లేత్‌కి ఇవ్వలేదేంటండీ? వీధికి పది ఉన్నాయి ఇక్కడ!"

"ఇస్తే ఆ ముప్పై ఒక్క ముక్కలూ వారంలో చేసిపెట్టేవాడు," అన్నారు రావు గారు కసురుకుంటూ. "బీరువాలో పెట్టుకుని చూసుకునే బొమ్మయ్యేది. నేను చేస్తానన్నది పిల్లలు చేసుకునే ఇంజన్. తొమ్మిదో క్లాసు పిల్లల చేతులు నీ చేతి కంటే నిలకడగా ఉంటాయా? నీ చేతికి లొంగని ముక్క వాళ్ళ చేతికేం లొంగుద్ది? నువ్వు ఏ ముక్క చెడగొడితే అక్కడ నా బొమ్మ తప్పన్నమాట. ఇవన్నీ నీ తప్పులు కాదు, నావి. అనవసరంగా నా తప్పులన్నీ నువ్వు డబ్బాలో దాచిపెట్టుకున్నావ్."

ఎవరి చెయ్యి ఎలాంటిదో చూసి దానికి తగ్గట్టు ఇంజన్‌నే వంచుకొచ్చిన మనిషి, చేసిన మంచితనాన్ని కూడా తిట్టులాగే చెప్పాడు. స్టీఫెన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మరి ఈ కన్నాలండీ?"

రావు గారు సంచిలోంచి ఒక టేకు దిమ్మె తీశారు. పైన గుండ్రంగా గుంట చెక్కి ఉంది. "ఇది డ్రిల్లు పక్కన బిగించు. నీ మణికట్టు ఇందులో ఆనించుకో. ఆ సేఫ్టీ వాల్వ్ సంగతి వదిలేస్తే, నేను పుట్టి బుద్ధెరిగాక ఒక ముక్క కలపడం ఇదే మొదలు. మా ఆవిడకి తెలిస్తే ఊరంతా చెబుద్ది, జాగ్రత్త."

తర్వాత ఇంకో పని చేశారు. సిలిండర్‌కి ఉన్న కన్నం ఎదురుగా, వెనక వైపు గోడకి కూడా డ్రిల్లు దూరేటంత కన్నం పెట్టించారు. ఇంజన్ మొత్తం కొత్త పలక మీద బిగించి, చక్రం చేత్తో తిప్పి, సిలిండర్‌ని ఒక చివరికి ఊపి ఆపారు. "ఇప్పుడు సిలిండర్లోంచే డ్రిల్లు దించు. తర్వాత ఆ చివరికి ఊపి, అక్కడా దించు. కన్నం ఎక్కడ పడాలో ఇంజనే చూపిస్తది. నువ్వూ కొలవక్కర్లేదు, నేనూ కొలవక్కర్లేదు. వెనక కన్నం తర్వాత మూసేద్దాం."

స్టీఫెన్ మణికట్టు దిమ్మెలో ఆనించాడు. స్టెల్లా చీపురు పట్టుకునే కళ్ళు మూసుకుని జపం చేస్తోంది. డ్రిల్లు దిగింది. ఆ చివర ఇంకోసారి దిగింది. వెనక కన్నానికి చిన్న మర బిగించి మూసేసి, ఇంకా ఆవిరి దాకా ఎందుకని సైకిల్ పంపు తగిలించి రెండుసార్లు కొట్టారు. కుట్టు మిషన్ చక్రం ఒకసారి దగ్గి, ఆలోచించి, గిరగిరా తిరగడం మొదలెట్టింది.

స్టీఫెన్ ఏడాది తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు. రావు గారిని వాటేసుకోబోయాడు. "చొక్కాకి గ్రీజు!" అని ఆయన కేకేసి రెండడుగులు వెనక్కి వేశారు.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన నలుగురూ ఉయ్యూరు బస్సెక్కారు. కుక్కర్‌ని ఇక కంటికి దూరంగా పంపేది లేదని రావమ్మ గారు కూడా బయల్దేరి, దాన్ని ఒళ్ళోనే పెట్టుకు కూర్చుంది. స్కూల్లో పిల్లలు బల్ల చుట్టూ మూగారు. నీళ్ళు కాగాయి, ఆవిరి వచ్చింది, చక్రం ఊపందుకుంది, పిల్లలు పెట్టిన కేకలకి పక్క క్లాసులు కూడా ఖాళీ అయిపోయాయి. రావు గారు ఇంజన్ ఆపించి, చల్లారనిచ్చి, తొమ్మిది ముక్కలూ విప్పి బల్ల మీద పోశారు. అనఘ అనే తొమ్మిదో క్లాసు పిల్ల, ఇంకో ఇద్దరు కలిసి ఇరవై నిమిషాల్లో మళ్ళీ బిగించేశారు. మళ్ళీ తిరిగింది. బిగిస్తున్నంతసేపూ ఆ పిల్ల చేతులు భయంతో వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకు స్టీఫెన్ ఒక్కడే చూశాడు.

చుట్టుపక్కల ఇంకో ఏడు స్కూళ్ళ వాళ్ళు తమకీ ఒకటి కావాలని అప్పుడే త్రిపురసుందరి గారిని పట్టుకున్నారు. ఆవిడ అందర్నీ మైదానంలో కూర్చోబెట్టి, మైకు తీసుకుని, "ఈ ఇంజన్ తయారుచేసిన స్టీఫెన్ గారు ఇప్పుడు రెండు మాటలు మాట్లాడతారు" అనేసింది.

స్టీఫెన్ పుట్టాక మైకు పట్టుకోలేదు. పట్టుకున్నాడు. కుడిచేతిలో మైకు వణికింది. ఆ వణుకు మూడొందల మంది చూస్తున్నారు. ఏడాదిగా ఏది ఎవరి కంటా పడకూడదని షట్టర్ సగం దించుకుని బతికాడో అది ఇప్పుడు స్పీకర్లలోంచి గరగరా వినబడుతోంది. మైకు ఎడమచేతికి మార్చుకోబోయి, ఆగాడు. మార్చుకోలేదు.

"నా పేరు స్టీఫెనండీ," అన్నాడు. "నా కుడిచెయ్యి వణుకుద్దండీ. ఈ ఇంజన్ నేనే చేశానండీ."

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. రామకోటేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు.

"మూడు ముక్కలు చెప్పావయ్యా స్టీఫెనూ," అన్నారు, మైకు అక్కర్లేని గొంతుతో. "మధ్యది తీసెయ్. అది లేకపోయినా నడుస్తది."

స్టీఫెన్ నవ్వాడు. గొంతు సవరించుకుని, మళ్ళీ మొదట్నించి, రెండు ముక్కల్లో చెప్పాడు.